రెక్క ఈనెలతో తేనెటీగ రకాన్ని గుర్తించడం – 3వ పాఠం: క్యూబిటల్ సూచిక

గత పాఠంలో ఒక్కో పెట్టె నుంచి ముప్పై కూలీ ఈగల కుడి ముందు రెక్కలు తీసి గాజు పలకలకు అతికించాం. ఇప్పుడు వాటి మీద మొదటి కొలత తీద్దాం. క్యూబిటల్ సూచిక అంటే రెండు ఈనె ముక్కల నిష్పత్తి, అంతే. కానీ మన పుట్ట తేనెటీగలో ఆ పొట్టి ముక్క మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త ఎక్కువ ఉంటుంది. తప్పులు చాలావరకు అక్కడే పుడతాయి.

ముందు చోటు పట్టుకోవాలి. రెక్క ముందు అంచు వెంబడి వేలిలా సాగిన సన్నటి గది ఒకటి ఉంటుంది. దాని కింద వరసగా మూడు గదులు. కొస వైపు, పక్కకు ఒరిగినట్టుండే మూడో గదే మనకు కావాలి. దాని కింది అంచుకు దిగువ నుంచి ఒక ఈనె వచ్చి తగులుతుంది. తగిలిన చోట అంచు ఒక పొడుగు ముక్కగా, ఒక పొట్టి ముక్కగా చీలుతుంది. పొడుగును పొట్టితో భాగించండి.

స్కానర్‌ను 4800 డీపీఐలో (అంగుళానికి పడే చుక్కల లెక్క) పెట్టండి. 2400లో మిల్లీమీటరుకు దాదాపు 94 చుక్కలే పడతాయి. పొడుగు ముక్క 45, పొట్టి ముక్క 11 చుక్కలు వచ్చాయనుకోండి: సూచిక 4.1. పొట్టి ముక్కను ఒక్క చుక్క తక్కువ కొలిస్తే 4.5, ఒకటి ఎక్కువ కొలిస్తే 3.75. అదే రెక్కను 4800లో తీస్తే ఒక చుక్క తేడాకు సూచిక 3.9 నుంచి 4.3 మధ్యే ఉంటుంది. స్కానర్ అద్దానికి నిజంగా ఉన్న శక్తినే చూడండి. సాఫ్ట్‌వేర్ సాగదీసి ఇచ్చే పెద్ద అంకె వల్ల కొత్త వివరమేమీ రాదు.

బొమ్మను ఇమేజ్‌జె అనే, బొమ్మల మీద కొలతలు తీసే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, గీత గీసి, ఎం మీట నొక్కితే పొడవు పట్టికలో చేరుతుంది. నిష్పత్తి కాబట్టి మిల్లీమీటర్లలోకి మార్చే పని లేదు. కానీ రెక్క ముడుచుకున్నా, బొమ్మను ఒక పక్కకే సాగదీసినా అంకె చెడుతుంది. ఈనెలు కలిసే చోట నల్లటి మడత లావుగా కనిపిస్తుంది. గీతను దాని అంచున కాదు, నడిమధ్యన మొదలుపెట్టండి. మొదటి రెక్కకు ఎలా పెట్టారో ముప్పయ్యోదానికీ అలాగే. టేపు కింద గాలి బుడగ ఉంటే దాని అంచు కూడా ఈనెలాగే కనిపిస్తుంది, ఆ రెక్కను మళ్లీ అతికించాల్సిందే.

ప్రతి ఈగకూ విడిగా సూచిక తీసి, ఆ తర్వాతే సగటు చూడండి. ఐరోపా జాతిలో నల్ల ఈగకు సగటు 1.7 దగ్గర, ఇటలీ ఈగకు 2.3 దగ్గర, కార్నియోలా ఈగకు 2.7 దగ్గర వస్తుంది. పుట్ట తేనెటీగ సాధారణంగా 3 దాటుతుంది. పోతు ఈగల సూచిక కూలీ ఈగలకన్నా తక్కువ, కాబట్టి వాటిని కలపకండి. కొండ తేనెటీగకు, జుంటి ఈగకు ఈ శ్రమ అక్కర్లేదు, ఒంటి సైజే చెబుతుంది.

అంకెలు రెండు గుంపులుగా విడిపోతే సంకరం అని వెంటనే రాసేయకండి. ఒకే జాతిలోని రకాలైతే కావచ్చు, ఎందుకంటే రాణి చాలా పోతులతో కలుస్తుంది. కానీ 2.3 దగ్గర ఒక గుంపు, 4 దగ్గర ఒక గుంపు వస్తే అది సంకరం కాదు. 1962లో ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని నగ్రోటాకు తెచ్చి మన దేశంలో నిలదొక్కుకునేలా చేసిన ఇటలీ ఈగకూ, పుట్ట తేనెటీగకూ సంకర సంతానం పుట్టదు. తేనె దోచుకోవడానికి పక్క పెట్టె ఈగలు చొరబడి ఉంటాయి, లేదా సీసాలు కలిసిపోయి ఉంటాయి. అనుమానం వచ్చిన ఈగ వెనక రెక్క చూడండి: అడ్డ ఈనెను దాటి అంచు వైపు చిన్న ఈనె తోక సాగితే పుట్ట తేనెటీగ, లేకపోతే ఐరోపా జాతి. ఆ తోక చాలా పలచన, స్కాన్‌లో కనిపించకపోతే భూతద్దంతో వెతకండి. అందుకే ఒళ్లు పారేయకుండా దాచమన్నాం.

అభ్యాసం: మూడు రెక్కల కొలతలు 98/42, 101/44, 92/22. సూచికలు 2.33, 2.30, 4.18. మూడోదాన్ని సగటులో కలపకముందు ఏం చేస్తారో రాసి ఉంచండి. వచ్చే పాఠం డిస్కాయిడల్ జరుగుబాటు అనే మరో రెక్క కొలత, దానికి ఇవే పలకలు కావాలి.