మోకాలి ఎముకలో గడ్డ అన్నారా? సూది గుచ్చించే ముందు ఇది చదవండి

మా తమ్ముడికి 16 ఏళ్లప్పుడు తొడ ఎముక కింది చివర ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ వచ్చింది. ఎదిగే పిల్లల్లో ఇది ఎక్కువగా మోకాలి చుట్టూనే వస్తుంది. రాత్రిపూట నిద్ర లేపే నొప్పి, తగ్గని వాపు ఉంటే నూనె రాసి రుద్దించకండి, నాటు కట్టు కట్టించకండి. ఎక్స్‌రే తీయించండి.

ఎక్స్‌రేలో అనుమానం వస్తే ఇంట్లో అందరికీ టెన్షనే, వెంటనే బయాప్సీ, అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీయించి తేల్చుకోవాలనిపిస్తుంది. దయచేసి తొందరపడొద్దు. ముందు ఎమ్మారై కావాలి, అది కూడా ఆ ఎముక మొత్తానికి. బయాప్సీ అయ్యాక తీస్తే లోపలి రక్తం, వాపు వల్ల గడ్డ హద్దు సరిగా తెలియదు. ఛాతీకి సీటీ కూడా తీయాలి, ఎందుకంటే ఇది పాకితే ఎక్కువగా ఊపిరితిత్తులకే.

బయాప్సీ మాత్రం రేపు ఆపరేషన్ చేయబోయే సర్జనే చేయాలి, లేదా ఆయన గుర్తు పెట్టిన చోటే చేయాలి. సూది వెళ్లిన దారిలో క్యాన్సర్ కణాలు మిగలొచ్చు కాబట్టి ఆపరేషన్‌లో ఆ దారిని కూడా గడ్డతో పాటే కోసి తీసేస్తారు. తప్పు చోట గుచ్చినా, అడ్డంగా కోసినా నిలవాల్సిన కాలు పోవచ్చు. మా ఊరి ఆసుపత్రిలో "ఇక్కడే చేసేస్తాం, సాయంత్రానికి ఇంటికి పోవచ్చు" అన్నారు. నాన్న సంతకం పెట్టబోతుంటే నర్సుగా చేసే మా పిన్ని ఫోన్‌లో గట్టిగా ఆపింది. తమ్ముడు ఈరోజు రెండు కాళ్లతో నడుస్తున్నాడంటే ఆ ఫోన్ వల్లే అని నా నమ్మకం.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే, విశాఖ అగనంపూడిలో హోమీ భాభా, ముంబైలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రులే. ఎక్కడికి వెళ్లినా ఎముక గడ్డల ఆపరేషన్లు తరచుగా చేసే సర్జన్ ఎవరో అడగండి.

బయాప్సీలో క్యాన్సర్ అని తేలాక, ఆపరేషన్‌కు ముందు సుమారు రెండు మూడు నెలలు కీమో, అంటే క్యాన్సర్ కణాలను చంపే మందులు ఇస్తారు. గడ్డ లోపలే ఉండగా ఆపరేషన్ ఆపుతున్నారేంటని అమ్మ రోజూ ఏడ్చేది. కంటికి కనబడని కణాలను ముందే చంపడానికే అలా చేస్తారు. తీసిన గడ్డలో 90 శాతం, ఆపైన చచ్చిపోయి ఉంటే మందు బాగా పనిచేసినట్టు. ఆపరేషన్ తర్వాత కూడా కీమో ఉంటుంది, మధ్యలో మానేయకండి.

తీసేసిన ఎముక స్థానంలో లోహపు కీలు పెడతారు. ఇంకా ఎదగాల్సిన చిన్నపిల్లలకు పొడవు పెంచుకునే రకాలున్నాయి. పెద్ద రక్తనాళాలను, నరాలను గడ్డ చుట్టేసి ఉంటే కాలు తీయాల్సి రావచ్చు. అప్పుడు సర్జన్‌తో పోట్లాడకండి, గడ్డలో కొంత లోపల వదిలేయడం అంతకన్నా ప్రమాదం. ఇంటికొచ్చాక ఫిజియోథెరపీ ఒక్కరోజు కూడా తప్పొద్దు. జ్వరం వచ్చినా, కుట్టు నుంచి నీరు కారినా అదే రోజు డాక్టరుకు చెప్పండి.

ఇంట్లో పెద్దవాళ్లకు రొమ్ము క్యాన్సరో, కిడ్నీ క్యాన్సరో ఎముకకు పాకితే లెక్క వేరు. అడుగు వేస్తేనే తొడలో నొప్పి అంటున్నారంటే ఎముక విరగబోతోందేమో చూపించండి. విరగకముందే రాడ్ వేస్తే మంచం పట్టకుండా తిరగగలుగుతారు. నడుము నొప్పితో పాటు కాళ్లు పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా తెల్లారేదాకా చూడకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.