సబ్‌వూఫర్ ఉంది, బేస్ ఏదీ?

సబ్‌వూఫర్ (బేస్, అంటే లోతైన శబ్దాల కోసమే ఉండే స్పీకర్ పెట్టె) బిగించిన రోజు నుంచీ ఒకటే దిగులు. పెట్టె చూస్తే ఇంత ఉంది, బేస్ చూస్తే పిసరంత. వాల్యూమ్ పెంచితే గుర్రుమంటుందే తప్ప గుండెకు తగలదు.

కేబుల్ మార్చాను, దండగ. స్పీకర్లన్నిటికీ శబ్దం పంచే రిసీవర్ మెనూలో చూస్తే ముందు స్పీకర్లు 'లార్జ్' అని ఉన్నాయి. అలా ఉంటే వాటికొచ్చే బేస్ సబ్‌వూఫర్‌కి మళ్లదు. 'స్మాల్' చేసి క్రాసోవర్ (ఏ హద్దుకి దిగువ శబ్దం సబ్‌వూఫర్‌కి వెళ్లాలో చెప్పేది) 80 హెర్ట్జ్‌లో పెట్టాను. కాస్త నయం, అంతే.

అసలు దొంగ అనుకోకుండా దొరికాడు. పాట నడుస్తుండగా నీళ్ల కోసం లేచి గోడ దగ్గరికి వెళ్లానో లేదో, బేస్ దద్దరిల్లిపోతోంది! వచ్చి సోఫాలో కూర్చుంటే మళ్లీ మాయం. టేపు పెట్టి కొలిచాను. గది పొడవు 4.3 మీటర్లు, సోఫా సరిగ్గా మధ్యలో. 40 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 8.6 మీటర్లు, అంటే గదికి రెట్టింపు. అప్పుడు శబ్దం రెండు చివర్ల గోడల దగ్గర పోగుపడి, నట్టనడుమ దాదాపు చచ్చిపోతుంది. అక్కడ కూర్చుని వాల్యూమ్ పెంచితే ఆంప్లిఫయర్‌కి ఆయాసమే మిగులుతుంది.

ముందు సోఫాని ముప్పావు మీటరు వెనక్కి జరిపాను. తర్వాత సబ్‌వూఫర్‌ని ఎత్తి ఆ సోఫాలోనే కూర్చోబెట్టి, ఒకే పాట మళ్లీ మళ్లీ వేస్తూ గోడల వెంబడి నేలమీద పాకుతూ విన్నాను. సోఫాలోంచి వచ్చే బేస్ ఎక్కడ బాగుంటే, అక్కడ పెట్టిన పెట్టె సోఫాలోకీ బాగా వినిపిస్తుందని. (ఇంట్లోవాళ్లు చూసిన చూపు సంగతి అడక్కండి.) ఎడమ మూలకు రెండడుగుల ఇవతల బేస్ నిండుగా, ముద్దగా కాకుండా వినిపించింది. సబ్‌వూఫర్‌ని అక్కడే పెట్టేశాను. చివరగా ఫేజ్ స్విచ్ (సబ్‌వూఫర్ తరంగాన్ని తలకిందులు చేసేది) 180 డిగ్రీలకి తిప్పి చూస్తే డప్పు దెబ్బ ఇంకాస్త బిగిసింది, అలాగే ఉంచేశాను. వాల్యూమ్ ఇప్పుడు మునుపటికన్నా తక్కువే.