పత్తి సీజన్‌కు ముందు ఈవెంట్ డేటా విషయంలో జాగ్రత్తలు

వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పత్తి రాక పెరిగేలోపు, గేటు ఎంట్రీలు, కాంటా తూకాల వంటి ఈవెంట్లను మాంగోడీబీ అనే డేటాబేస్‌లో నిల్వ చేసేవారు వీటిని సరిచూసుకోవాలి.

టీటీఎల్ ఇండెక్స్ (గడువు దాటిన రికార్డులను దానంతటదే చెరిపేసే ఏర్పాటు) పెట్టేముందు బ్యాకప్ తీసి, దాన్ని వేరే సర్వర్‌లో రీస్టోర్ చేసి చూడండి. గడువును సెకన్లలో ఇవ్వాలి. 90 రోజులకు 77,76,000 అని రాయవలసిన చోట 90 అని రాస్తే, ఇండెక్స్ తయారైన కాసేపటికే పాత తూకాలన్నీ చెరిగిపోవడం మొదలవుతుంది, బ్యాకప్ లేకపోతే అవి తిరిగి రావు.

తేదీని స్ట్రింగ్‌గా, అంటే మామూలు అక్షరాల రూపంలో, దాచకండి. అలా దాస్తే టీటీఎల్ దేన్నీ తొలగించదు, డిస్కు నిండుతుంది.

ఒక కాంటా ఈవెంట్లన్నింటినీ ఒకే డాక్యుమెంట్ (మాంగోడీబీలో ఒక రికార్డు) లోని అర్రేలో, అంటే జాబితాలో, చేర్చుకుంటూ పోవద్దు. డాక్యుమెంట్ 16 ఎంబీ పరిమితిని తాకాక కొత్త తూకం ఎక్కదు. అది సాధారణంగా రద్దీ వేళలోనే జరుగుతుంది.

ఈవెంట్లను డేటాబేస్‌కు చేరవేసే కాఫ్కా వంటి క్యూ నుంచి ఒకే ఈవెంట్ రెండుసార్లు రావచ్చు కనుక, కాంటా నంబరు, రసీదు నంబరు కలిపి యూనిక్ ఇండెక్స్ (అదే జత రెండోసారి నమోదు కాకుండా ఆపేది) పెట్టండి. మాంగోడీబీ 5.0 వెర్షన్‌లో వచ్చిన టైమ్ సిరీస్ కలెక్షన్ (సమయం వారీ డేటా కోసం ఉన్న ప్రత్యేక రికార్డుల సమూహం) ఎంత సౌకర్యంగా ఉన్నా అందులో యూనిక్ ఇండెక్స్ కుదరదు కాబట్టి, రైతుకు చెల్లింపు ఆధారపడే తూకాలకు మామూలు కలెక్షనే మేలని నా అభిప్రాయం.

రోజువారీ నివేదికల్లో టైమ్‌జోన్‌గా ఆసియా/కోల్‌కతా ఇవ్వండి. మాంగోడీబీ సమయాన్ని యూటీసీలో (మన సమయం కంటే ఐదున్నర గంటలు వెనుక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) దాస్తుంది. టైమ్‌జోన్ ఇవ్వకపోతే, అర్ధరాత్రి దాటాక తెల్లవారుజామున 5:30 లోపు చేరిన బండ్లు ముందురోజు లెక్కలో పడతాయి.