రిబ్బన్లు తర్వాత, ముందు ఏఎన్ఎం సిస్టర్: బడి సిబ్బంది రొమ్ము క్యాన్సర్ కార్యక్రమం ఎలా చేయాలి?

మా హైస్కూల్లో రొమ్ము క్యాన్సర్ అవగాహన కోసం మొదటిసారి ‘పింక్ డే’ చేసినప్పటి ఖర్చుల చీటీ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఫ్లెక్సీ 1,400, బెలూన్లు 350, రిబ్బన్లు, పిన్నులు 600, ముఖ్య అతిథికి శాలువా, బొకే 900, టిఫిన్లు 1,800. స్టాఫంతా కలిసి వేసుకున్న చందా 9,200. ఖర్చులు పోను ఆస్పత్రికి పంపింది 4,150. సగం కూడా కాదు.

అంతకంటే సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటి ఉంది. గులాబీ రంగు చీరలు కట్టుకుని ఫొటో దిగిన పదకొండు మందిమి మేం. ఆ రోజుకి మాలో ఒక్కరం కూడా పరీక్ష చేయించుకోలేదు. మధ్యాహ్న భోజనం వండే ఇద్దరక్కలు, ఆయమ్మ అసలు ఫొటోలోనే లేరు.

అందుకే తర్వాతి ఏడు వరస మార్చాం. ముందు బడిలో పనిచేసే ఆడవాళ్లందరికీ పరీక్ష, తర్వాత ఊళ్లో తల్లులకు మాట, చివరికి డబ్బు. మీ బడిలో చేయాలనుకుంటే ఇదే వరసలో చేయండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎవరిని అడగాలి

ప్రపంచమంతా అక్టోబర్‌ను రొమ్ము క్యాన్సర్ అవగాహన నెలగా జరుపుతారు. అమెరికాలో 1985లో మొదలైన పద్ధతి అది. మనకు అక్టోబర్ అంటే దసరా సెలవులు, వెనకాలే దీపావళి. సెప్టెంబర్ చివర్లో అనుకుంటే ఏదీ కాదు. ఆగస్టు 15 హడావుడి అయిపోగానే స్టాఫ్ మీటింగ్‌లో పెట్టి, మినిట్స్ పుస్తకంలో రాయించి, అందరి సంతకాలూ తీసుకోండి.

ప్రభుత్వ బడి అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ప్రభుత్వ ఉద్యోగులు ముందస్తు అనుమతి లేకుండా ఎందుకోసమైనా సరే చందాలు వసూలు చేయకూడదని 1964 నాటి ప్రవర్తనా నియమాలు చెబుతున్నాయి. ‘మంచి పనే కదా, ఎవరేమంటారు’ అనుకోవద్దు. గిట్టనివాళ్లు ఒక్క ఫిర్యాదు రాస్తే చాలు, హెచ్ఎం గారు సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఏం చేస్తున్నారో, ఎవరి దగ్గర తీసుకుంటారో, ఎక్కడికి పంపుతారో ఒక పేజీలో రాసి జిల్లా విద్యాశాఖ అధికారి (డీఈఓ) ఆఫీసుకు పంపండి. జవాబు రావడానికి టైం పడుతుంది. ఆగస్టులోనే మొదలుపెట్టమన్నది అందుకే. ప్రైవేట్ స్కూలైతే కరస్పాండెంట్ సంతకంతో పని అయిపోతుంది.

బాధ్యత నలుగురికి చాలు. పదిమందికి ఇస్తే ఎవరూ చేయరు. లెక్కలు చూసే మనిషి మాత్రం వసూలు చేసే మనిషి కాకూడదు.

ముందు మన స్టాఫ్‌కే పరీక్ష

దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మేం కూడా పొరపడ్డది ఇక్కడే. అవగాహన అనగానే అందరం ‘ఎవరికి వాళ్లు చూసుకోవడం ఎలా’ అని చార్టు గీస్తాం. చైనాలోని షాంఘైలో 2 లక్షల 66 వేల మంది బట్టల మిల్లు ఉద్యోగినుల మీద దీన్నే పరీక్షించారు. సగం మందికి స్వీయ పరీక్ష చక్కగా నేర్పారు, సగం మందికి నేర్పలేదు. దాదాపు పదేళ్లు గమనించి 2002లో ఫలితాలు చెప్పారు. రొమ్ము క్యాన్సర్‌తో పోయినవాళ్ల సంఖ్యలో రెండు గుంపులకీ తేడా లేదు. అంటే ఇంట్లో చూసుకోవడం దండగ అని కాదు. అదొక్కటే చాలదని.

మరి ఏది పనిచేస్తుంది? ముంబైలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆస్పత్రి వాళ్లు 1998లో మొదలుపెట్టి లక్షన్నర మంది ఆడవాళ్లను ఇరవై ఏళ్లు గమనించారు. వాళ్లలో సగం మందికి, శిక్షణ ఇచ్చిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. ఖరీదైన మెషిన్లేమీ లేవు. 2021లో వచ్చిన ఫలితాల ప్రకారం పరీక్ష జరిగిన గుంపులో జబ్బు ముందు దశలోనే బయటపడింది. 50 దాటినవాళ్లలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్నవాళ్లలో మరణాల్లో అంత స్పష్టమైన తేడా కనబడలేదు, ఆ మాటా దాచకూడదు.

ఈ చేతి పరీక్ష మన దగ్గర ఉచితంగానే దొరుకుతుంది. 30 దాటిన ఆడవాళ్లకు బీపీ, షుగర్‌తోపాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల స్క్రీనింగ్ చేయాలన్నది ప్రభుత్వ కార్యక్రమమే. తెలంగాణలో పల్లె దవాఖానా, ఆంధ్రాలో విలేజ్ హెల్త్ క్లినిక్, లేదంటే మీ మండలంలోని పీహెచ్‌సీ. మెడికల్ ఆఫీసర్ గారికి హెచ్ఎం లెటర్‌హెడ్ మీద ఉత్తరం ఇచ్చి, బడికే ఏఎన్ఎం సిస్టర్‌ను ఒక పూట పంపమని అడగండి.

గది ఏర్పాటు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ అన్నీ దాని మీదే ఆధారపడతాయి. కిటికీలకు లోపలి గడియ ఉన్న గది, తలుపుకు అడ్డంగా దుప్పటి, లోపల ఒక బల్ల, చేతులు కడుక్కోవడానికి బకెట్ నీళ్లు, బయట కాపలాకి ఒక టీచర్. ఆ రోజు ఆ వరండాలో క్లాసులుండకూడదు. బోర్డు మీద ‘బీపీ, షుగర్ పరీక్షలు’ అనే రాయండి. ఇదేమీ మోసం కాదు, అవి కూడా చేస్తారు కదా. ‘రొమ్ము పరీక్ష’ అని రాస్తే మాత్రం ఆ వైపు ఎవరూ రారు. మా స్టాఫ్ రూంలోనే ఒక సార్ నెలరోజులపాటు ‘అదే మేడమ్, ఆ లేడీస్ క్యాన్సర్’ అంటూ వచ్చారు.

మా దగ్గర ఆ రోజు పద్నాలుగు మందిలో ఒకరికి గడ్డ తగిలింది. వంట చేసే అక్కకి. ఆమెకు ముందే తెలుసట. ‘నాకేమైతది మేడమ్, నొస్తలేదు గద’ అంది. అసలు తిరకాసు అక్కడే. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. నొప్పి లేదు కాబట్టి పర్లేదనుకుంటూ నెలలు గడిపేస్తారు.

పెద్దాస్పత్రికి రాసిచ్చారు. రెండు వారాలైనా ఆమె వెళ్లలేదు. భయం వల్ల అనుకున్నాను నేను. అడిగితే ‘నేను పోతే రెండొందల మందికి బువ్వ ఎవరు వండుతరు, ఆ దినం పైసలెవరిస్తరు’ అంది. ఇంకో వంటమనిషిని మాట్లాడి, ఆ రోజు కూలీ మేం కట్టి, నేనే తోడు వెళ్లాను. స్కానింగ్ తీసి, సూదితో లాగి చూస్తే నీటితిత్తి. దొరికే గడ్డల్లో ఎక్కువ శాతం క్యాన్సర్ కానివే. కానీ ఆ మాట పరీక్ష చేశాక డాక్టర్ చెప్పాలి. ‘సూది గుచ్చితే జబ్బు పాకుతుంది’ అని బస్సులో పక్కావిడ చెప్పింది ఆమెకు. అది తప్పు మాట. సూది పరీక్ష చేయకుండా వైద్యమే మొదలుకాదు.

కాబట్టి మీ ప్లాన్‌లో, గడ్డ తగిలినవాళ్లతో ఎవరెళ్తారు, ఆ రోజు వాళ్ల పని ఎవరు చూస్తారు అన్నది ముందే రాసుకోండి. ఇది రాయని కార్యక్రమం సగంలో ఆగిపోతుంది.

తల్లులతో ఏం మాట్లాడాలి

బతుకమ్మ సంబరాలకు తల్లులు ఎలాగూ బడికి వస్తారు. పూలు పేర్చడానికి కూర్చున్నప్పుడు పదిహేను నిమిషాలు అడగండి. ఆంధ్రా వైపైతే పేరెంట్స్ మీటింగ్ రోజు. మైకులో ఉపన్యాసం వద్దు. ఏఎన్ఎం సిస్టర్ గానీ లేడీ టీచర్ గానీ, పది పదిహేను మందిని చుట్టూ కూర్చోబెట్టుకుని మాట్లాడాలి.

నేను ఇంట్లో చపాతీ పిండి ముద్ద కలిపి తీసుకెళ్తాను. లోపల ఒక శనగగింజ, ఒక ఎండు బఠానీ, కాస్త లోతుగా ఒక వేరుశనగ పలుకు దాచి ‘వెతకండి’ అని ఇస్తాను. అందరూ ముందు వేలి కొసలతో పొడుస్తారు, దొరకవు. మధ్య మూడు వేళ్లూ కలిపి, వేళ్ల మెత్తలతో చిన్నచిన్న సున్నాలు చుడుతూ రావాలి. ఒకసారి పైపైన, ఒకసారి కొంచెం నొక్కి, ఒకసారి అడుగు తగిలేలా. అప్పుడు శనగగింజ వెంటనే దొరుకుతుంది, పలుకు మాత్రం ఓ పట్టాన చిక్కదు. నవ్వుకుంటూ ఒకరి చేతిలోంచి ఒకరు ముద్ద లాక్కుంటారు. ఆ నవ్వుల్లోనే సిగ్గు పోతుంది.

తర్వాత చెప్పాల్సినవి ఇవి. రొమ్ములో గానీ చంకలో గానీ గడ్డ, ఒక వైపు ఆకారం మారడం, చర్మం సొట్ట పడడం లేదా బత్తాయి తొక్కలా అవడం, చనుమొన లోపలికి పోవడం, దాని మీద మానని పుండు, నెత్తురు లాంటి స్రావం. వీటిలో ఏది కొత్తగా కనిపించినా డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. నెలసరి ముందు రొమ్ములు బరువెక్కి గట్టిగా అనిపించడం మామూలే, అందుకని నెలసరి అయిన కొద్ది రోజులకు చూసుకుంటే మేలు. తల్లికో అక్కకో వచ్చి ఉంటే ఆ మాట డాక్టర్‌కు ముందే చెప్పాలి. ఇంట్లో ఎవరికీ లేదు కాబట్టి మనకు రాదనుకోవడం కూడా తప్పే. వచ్చినవాళ్లలో ఎక్కువమందికి కుటుంబంలో అంతకుముందు ఎవరికీ ఉండదు.

2022కి అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం మన దేశంలో దాదాపు 1 లక్షా 92 వేల మందికి కొత్తగా ఈ జబ్బు వచ్చింది, 98 వేల మంది పోయారు. ఈ అంకెలు స్టాఫ్ మీటింగ్‌లో చెప్పండి, తల్లుల దగ్గర వద్దు. అక్కడ భయపెడితే దాచుకుంటారు.

మగ టీచర్లను పక్కన పెట్టకండి. మగవాళ్లకూ ఈ జబ్బు వస్తుంది, జబ్బు వచ్చిన ప్రతి వందమందిలో ఒకరు, అటూఇటూగా, మగవాళ్లే. అదీగాక మన ఇళ్లల్లో ఆస్పత్రికి వెళ్లడానికి డబ్బు తీసి ఇచ్చేది ఎక్కువగా వాళ్లే. పిల్లలకు చార్టులు, పరీక్ష పద్ధతులు ఏమీ అక్కర్లేదు. ‘అమ్మకు 30 దాటాయా? ఏఎన్ఎం సిస్టర్ దగ్గర చూపించుకుందా?’ అనే రెండు ప్రశ్నలు డైరీలో రాయిస్తే సరి. మగపిల్లలతో కూడా.

డబ్బు దేనికి, ఎలా

ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నాయి కదా, ఇంకా విరాళాలెందుకు అని ఎవరో ఒకరు అడుగుతారు. మంచి ప్రశ్న. ఆపరేషన్, కీమో, రేడియేషన్ కార్డు మీద జరుగుతాయి. కానీ రేడియేషన్ అంటే వారానికి అయిదు రోజుల చొప్పున మూడు నుంచి అయిదు వారాలు. రోజూ ఊరి నుంచి హైదరాబాద్ వచ్చి వెళ్లడం అయ్యే పని కాదు. ఆర్టీసీ బస్సు ఆడవాళ్లకు ఫ్రీ, తోడొచ్చే కొడుక్కి కాదు. గది అద్దె, ఆటో, రెండు పూటల తిండి, పోయిన కూలీ... వీటికి కార్డు లేదు. మధ్యలో వైద్యం మానేసేవాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మీ డబ్బు ఈ ఖర్చులకు వెళ్లేలా చూడండి.

పంపేముందు ఆస్పత్రి సోషల్ వర్కర్‌తో మాట్లాడి, పేద రోగుల సహాయానికే వాడతారా అని అడగండి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి, బంజారాహిల్స్‌లోని బసవతారకం క్యాన్సర్ ఆస్పత్రి, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా ఆస్పత్రి, గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రి (జీజీహెచ్)లోని నాట్కో క్యాన్సర్ సెంటర్... మీ ఊరి రోగులు ఎక్కడికి వెళ్తారో అక్కడికే పంపడం నయం.

వసూలుకి మాకు బాగా కుదిరింది క్రికెట్ మ్యాచ్. టీచర్లకీ పదో తరగతి వాళ్లకీ. అవుటైన ప్రతి టీచరూ వంద రూపాయలు కట్టాలి, డకౌట్ అయితే రెండొందలు. ఆడనివాళ్లు ఎవరు ముందు అవుటవుతారో పందెం కాసి అదీ డబ్బాలో వేశారు. పిండివంటల స్టాల్ కూడా పెట్టాం. సకినాలు గంటలో అయిపోయాయి, కేకు మిగిలింది.

కొన్ని జాగ్రత్తలు. పిల్లల చేతికి డబ్బా ఇచ్చి ఇంటింటికీ తిప్పకండి. ఎవరెంత ఇచ్చారో అసెంబ్లీలో చదవకండి, పది రూపాయలిచ్చిన ఆయమ్మ ముఖం చూడలేం. ఎవరి సొంత ఫోన్‌పే నంబరూ పోస్టర్ మీద వేయకండి. ఇద్దరి సంతకాలుంటేనే డబ్బు కదిలే జాయింట్ ఖాతా తెరిచి, దానికి క్యూఆర్ కోడ్ ఇస్తారేమో బ్యాంకులో అడగండి. పన్ను మినహాయింపు కావాలన్న టీచర్లు మాత్రం నేరుగా ఆస్పత్రికే తమ పేరున పంపుకోవాలి. అందరిదీ కలిపి పంపితే రసీదు ఒక్క పేరు మీదే వస్తుంది. రెండు వేలు దాటి నగదుగా ఇస్తే మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకూ రాదు.

ఖర్చులకు పరిమితి పెట్టుకోండి. మేం పెట్టుకున్న నియమం: వసూలైన దాంట్లోంచి కార్యక్రమం ఖర్చుకు రూపాయి కూడా తీయం. ఫ్లెక్సీ కావాలన్నవాళ్లే సొంత డబ్బుతో వేయించాలి. ఆ ఏడు ఫ్లెక్సీ ఎవరికీ అవసరం పడలేదు.

స్టాఫ్‌లోనే ఎవరికైనా ఉంటే

ఆమెను స్టేజీ ఎక్కించకండి. ఆమె తనంతట తాను మాట్లాడతానంటే వేరే సంగతి. జబ్బు సంగతి ఎవరికి తెలియాలో ఆమే చెప్పాలి. సెలవులు ఏవి వర్తిస్తాయో ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్ చేత లెక్క వేయించి కాగితం ఇవ్వండి, ఆమెను ఆఫీసు చుట్టూ తిప్పకండి. కీమో అయిన వారం మొదటి పీరియడ్ పడకుండా టైంటేబుల్ సర్దండి, మేడ మీది క్లాసులు కిందికి మార్చండి. లీజర్ పీరియడ్లు పంచుకోవడానికి నలుగురు ముందుకొస్తే ఆమెకు అదే పెద్ద సాయం. జుట్టు గురించి ఎవరూ ఏమీ అనొద్దు, ‘బాగానే ఉంది’ అని కూడా.

అన్నీ అయ్యాక వసూలెంత, పంపిందెంత, రసీదు నంబరెంత అన్నది ఒక కాగితం మీద రాసి నోటీసు బోర్డుకు అంటించండి. స్క్రీనింగ్ రోజు రానివాళ్ల పేర్లు మాత్రం మీ డైరీలోనే ఉంచుకుని, జనవరిలో ఏఎన్ఎం సిస్టర్‌ను ఇంకో పూట పిలవండి. మా లెక్కల కాగితం సంక్రాంతి సెలవుల దాకా బోర్డు మీదే ఉంది. దాని కింద పిల్లలెవరో పెన్సిల్‌తో రాశారు: ‘సోషల్ సార్ డకౌట్. ఇంకో వంద బాకీ.’