వీసా లేని ప్రయాణం – మూడో పాఠం: మలేసియాకు కాగితాల కట్ట

ముందుగా పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్క చూద్దాం. పాస్‌పోర్టు గడువు తీరేది ఆగస్టు 20న. కౌలాలంపూర్‌లో దిగేది అదే ఏడాది మార్చి 10న. వెళ్లవచ్చా? వెళ్లలేరు. మలేసియాలో అడుగుపెట్టే రోజుకు పాస్‌పోర్టులో కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. ఇక్కడ మిగిలింది ఐదు నెలల పది రోజులే. మన దగ్గర గడువు తీరడానికి ఏడాది ముందునుంచే కొత్త పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసుకోవచ్చు కాబట్టి, టికెట్ కొనకముందే ఈ తేదీ చూసుకోండి. పిల్లలది మరీ ముఖ్యం. పెద్దలకు పదేళ్ల పాస్‌పోర్టు ఇస్తారు, చిన్నపిల్లలకు ఐదేళ్లదే. తల్లిదండ్రులు తమ గడువు చూసుకుని, పిల్లవాడిదీ అంతే ఉంటుందనుకుంటారు.

ఇక ఈ వారం పాఠం. మలేసియా 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులను 30 రోజుల వరకు వీసా లేకుండా రానిస్తోంది. ఈ సదుపాయాన్ని 2026 డిసెంబరు 31 వరకు పొడిగించారు. ఆ తేదీ దాటి ప్రయాణం పెట్టుకునేవాళ్లు అప్పటి నిబంధన ఏమిటో మళ్లీ చూసుకోవాలి.

వీసా అక్కర్లేదనగానే చాలామంది పాస్‌పోర్టు ఒక్కటి జేబులో పెట్టుకుని బయలుదేరుతారు. ఇక్కడే ఒక విషయం మనసులో నాటుకోవాలి. వీసా ఉన్న రోజుల్లో మన కాగితాలను ఎవరో అధికారి తీరిగ్గా చదివేవారు. కాదంటే ఆ మాట మనం ఇంట్లో ఉండగానే తెలిసేది. ఇప్పుడు అవే ప్రశ్నలు సూట్‌కేసు చేత్తో పట్టుకుని నిలబడ్డాక అడుగుతారు. ఎందుకు వెళ్తున్నారు, ఎక్కడ ఉంటారు, ఎప్పుడు తిరిగొస్తారు, ఖర్చులకు డబ్బుందా? వీటికి జవాబులను కాగితం మీద సిద్ధం చేసుకోవడమే ఈ పాఠం.

అడిగేవాళ్లు ముగ్గురు. విమాన సంస్థ కౌంటర్, మన ఇమిగ్రేషన్ (రాకపోకలప్పుడు పాస్‌పోర్టు తనిఖీ చేసే అధికారులు), అవతలి దేశపు ఇమిగ్రేషన్. మొదటి కౌంటరే అన్నిటికన్నా పట్టుగా ఉంటుంది. అందుకు కారణం ఉంది. అవతలి దేశం ఎవరినైనా వెనక్కి పంపితే, ఆ ప్రయాణికుణ్ణి తిరిగి తీసుకురావలసిన బాధ్యత తీసుకెళ్లిన విమాన సంస్థదే. చాలా దేశాలు పైగా జరిమానా కూడా వేస్తాయి. అందుకే కౌంటర్‌లో ఉన్నవాళ్లు ప్రతి దేశపు నిబంధనలనూ చూపించే టిమాటిక్ అనే వ్యవస్థలో సరిచూసుకున్నాకే బోర్డింగ్ పాస్ ఇస్తారు. అక్కడ మన వాదన పనిచేయదు, కాగితమే పనిచేస్తుంది.

మా పిన్ని, బాబాయి పెనాంగ్‌లో ఉన్న కొడుకు దగ్గరికి బయలుదేరినప్పుడు నేను శంషాబాద్ దాకా వెళ్లాను. తిరుగు టికెట్ ఉంది. కాకపోతే అది వేరే విమాన సంస్థది, కొన్నది ఆ కొడుకే, అంటే మా తమ్ముడు, ఉన్నది వాడి మెయిల్‌లో. కౌంటర్‌లో అమ్మాయి మర్యాదగానే అడిగింది: "తిరుగు టికెట్ చూపిస్తారా అండీ?" అప్పుడు మనకు రాత్రి తొమ్మిదింబావు. మలేసియా గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు, అంటే అక్కడ పావు తక్కువ పన్నెండు. వాడు నిద్రపోయాడు. పిన్ని వరస పక్కకు జరిగి, సూట్‌కేసు మీద కూర్చుని, పాస్‌పోర్టులు రెండూ ఒళ్లో పెట్టుకుని చూస్తోంది. బాబాయి ఫోను మీద ఫోను. నలభై నిమిషాలకు వాడు ఎత్తాడు. టికెట్ వచ్చింది, వాళ్లు వెళ్లారు. ఆ నలభై నిమిషాల్లో పిన్ని ముఖం నాకు ఇంకా గుర్తుంది. ఈ పాఠాలు రాయాలన్న ఆలోచన అక్కడే పుట్టింది.

కాబట్టి మొదటి కాగితం తిరుగు టికెట్. ముప్పై రోజుల్లోపు మలేసియా విడిచి వెళ్తున్నట్టు చూపించేదై ఉండాలి. దిగిన రోజును కూడా కలిపి లెక్కపెట్టండి. సరిగ్గా ముప్పయ్యో రోజుకు టికెట్ తీసుకోవద్దని నా సలహా. విమానం ఒక్కరోజు రద్దయితే గడువు దాటిపోతుంది. రెండో కాగితం బసకు ఆధారం. హోటలయితే బుకింగ్ ప్రతి. బంధువుల ఇల్లయితే వాళ్ల పూర్తి చిరునామా, పోస్ట్‌కోడ్, ఫోను నంబరు. రబ్బరు, కొబ్బరి తోటల కాలంలో మలయాకు (అప్పటి మలేసియాకు) వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి, చుట్టపుచూపుగా వెళ్లేవాళ్లూ ఎక్కువే. "మా అన్నయ్యగారింట్లో" అన్న జవాబు చాలదు, ఆ అన్నయ్యగారి ఇల్లు ఏ వీధిలో ఉందో చెప్పగలగాలి. మూడోది డబ్బుకు రుజువు. విదేశాల్లో పనిచేసే కార్డు, ఇటీవలి బ్యాంకు స్టేట్‌మెంటు, కొంత నగదు రింగిట్లలో (మలేసియా డబ్బు). డబ్బు సంగతి వచ్చే పాఠంలో వివరంగా చూద్దాం.

ఇవన్నీ ఫోనులో ఉన్నా, అచ్చు తీసి ఒక పారదర్శక కవరులో పెట్టి, చేతిసంచిలో ఉంచండి. చెక్-ఇన్ సామానులో పెడితే ఇమిగ్రేషన్ దగ్గర అవి మీ చేతిలో ఉండవు.

నాలుగోది డిజిటల్ అరైవల్ కార్డు, అంటే మలేసియాలో దిగేముందు ఆన్‌లైన్‌లో నింపే పత్రం. ఎండీఏసీ (MDAC) అంటారు. తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే కాబట్టి కాస్త నెమ్మదిగా వెళ్దాం.

ఇది దిగే తేదీకి మూడు రోజుల్లోపు మాత్రమే నింపాలి. నెల ముందే నింపేద్దామంటే కుదరదు. చంటిబిడ్డతో సహా ఒక్కొక్కరికి ఒక్కో కార్డు. రుసుము లేదు. వెతికితే ముందుగా కనిపించే కొన్ని సైట్లు ఈ కార్డుకే డబ్బు అడుగుతాయి. అసలైన సైటు మలేసియా ఇమిగ్రేషన్ శాఖది, దాని చిరునామాలో గవ్ డాట్ ఎంవై (gov.my) అని ఉంటుంది. డబ్బు అడిగిన చోట ఆగిపోండి.

పేరు. పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ తెరవండి. అడుగున చిన్న అక్షరాలతో, కోణపు గుర్తులతో (<) రెండు వరసలు కనిపిస్తాయి. ఒక్కో వరసలో 44 స్థానాలు. పై వరసలో దేశం గుర్తు తర్వాత ఇంటిపేరు, ఆపై రెండు కోణపు గుర్తులు, ఆపై మీ పేరు. యంత్రం చదివేది దీన్నే. మనం పొడి అక్షరాలతో పేరు రాసుకోవడానికి అలవాటు పడ్డవాళ్లం. బడిలో ఒక తీరు, బ్యాంకులో ఒక తీరు, ఆధార్‌లో మరో తీరు. ప్రయాణంలో మాత్రం ఆ వరసలో ఉన్నదే మీ పేరు. టికెట్ మీద, కార్డు మీద అక్షరం తేడా లేకుండా అదే ఉండాలి. ఆడవాళ్ల విషయంలో ఇంకో చిక్కు. పాస్‌పోర్టు పెళ్లికి ముందు తీసుకున్నదైతే అందులో పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది, భర్త తన ఇంటిపేరుతో టికెట్ కొంటాడు. కౌంటర్ దగ్గర అది ఇద్దరు వేర్వేరు మనుషుల పేరవుతుంది.

పాస్‌పోర్టు నంబరు. మనది ఒక ఇంగ్లీషు అక్షరం, దాని వెనుక ఏడు అంకెలు. మొదటి అక్షరం తర్వాత గుండ్రంగా కనిపించేది ఏదైనా సున్నానే.

దిగే తేదీ. హైదరాబాద్ నుంచి విమానం రాత్రి 11:40కి బయలుదేరి, నాలుగు గంటల చిల్లర ఎగిరి, అక్కడి ఉదయం ఆరుంబావుకు దిగిందనుకోండి. బయలుదేరింది 14న, దిగింది 15న. కార్డులో రాయవలసింది 15. దీనికి తోబుట్టువు లాంటి పొరపాటు ఇంకోటి ఉంది. టికెట్ మీద 15వ తేదీ 00:30 అని ఉంటే అది 14 రాత్రి భోంచేసి ఇల్లు వదలవలసిన విమానం. 15 రాత్రికి వెళ్తే అది ముందు రాత్రే వెళ్లిపోయి ఉంటుంది. క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకునేటప్పుడు ఇల్లు వదిలే తేదీని రాసుకోండి.

నింపాక మెయిల్‌కు వచ్చే జవాబును అచ్చు తీసి మిగతా కాగితాలతో కలపండి. మెయిల్ చిరునామాలో అక్షరం తప్పితే ఆ జవాబు మీకు రాదు.

మలేసియా దాకా వెళ్లాం, ఎలాగూ పక్కనేగా, సింగపూర్ కూడా చూసొద్దాం అనుకునేవాళ్లు ఇక్కడ ఆగాలి. మలేసియా దక్షిణ కొసన ఉన్న జొహోర్ బారు నుంచి వంతెన దాటితే సింగపూర్. కానీ ఆ వంతెన అవతల భారతీయులకు ముందుగా తీసుకున్న వీసా కావాలి. తిరిగి మలేసియాలోకి వచ్చేటప్పుడు అరైవల్ కార్డు కొత్తగా నింపాలి. చవకగా దొరికిందని సింగపూర్ మీదుగా రెండు విడి టికెట్లు కొంటే, అక్కడ సామాను తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయడానికి బయటికి రావలసిన పరిస్థితి ఎదురవుతుంది. అప్పుడూ సింగపూర్ వీసా లేక అదే చిక్కు. ఇంకోమాట, మసాలాకని గసగసాలు పట్టుకెళ్లే అలవాటుంటే, సింగపూర్‌లో అవి నిషిద్ధమని గుర్తుంచుకోండి.

మందుల గురించి క్లుప్తంగా చెబుతాను. రోజూ వాడే మాత్రలు వాటి అట్టల్లోనే, డాక్టరు చీటీతో పాటు. ఊళ్లో ఎవరో "మా అబ్బాయికి ఇవ్వండి" అని కుట్టేసి ఇచ్చిన పొట్లం, ఎంత దగ్గరివాళ్లయినా, విప్పి చూడకుండా తీసుకోవద్దు. మలేసియాలో మాదకద్రవ్యాల చట్టం చాలా కఠినం.

అక్కడ ఇమిగ్రేషన్ అధికారి వేలిముద్రలు తీసుకుంటూ రెండు మూడు ప్రశ్నలు అడుగుతారు. ఎన్ని రోజులు, ఎక్కడ, ఎందుకు. ఒక్కో దానికి నాలుగు మాటల్లో జవాబు చాలు. భార్యాభర్తలు చెప్పే రోజుల సంఖ్య ఒకటే ఉండాలి. సంతృప్తి కలగకపోతే "నాట్ టు ల్యాండ్" (దేశంలోకి రానివ్వొద్దు) అని నమోదు చేసి, తిరుగు విమానం ఎక్కిస్తారు.

చివరగా, ఈ పాఠాన్ని ఉద్యోగం కోసం చదువుతున్న కుర్రాళ్లకు. "ముందు వీసా లేకుండా వెళ్లిపో, అక్కడ పని పర్మిట్ ఇప్పిస్తాం" అని ఏజెంటు చెబితే దయచేసి ఆ డబ్బు కట్టవద్దు. వీసా మినహాయింపు ఉన్నది ఊళ్లు చూడటానికి, చుట్టాలను కలవడానికి. దానిమీద ఒక్కరోజు పనిచేసినా నేరమే. ఇదే దారిలో థాయ్‌లాండ్‌లో దిగి, అక్కణ్ణుంచి సరిహద్దు దాటించగా మయన్మార్ సైబర్ మోసాల శిబిరాల్లో చిక్కుకున్న తెలుగు పిల్లలు ఉన్నారు. పదో తరగతి పాసు కానివాళ్లు మలేసియాకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ (విదేశాలకు పనికి వెళ్లేవాళ్ల రక్షణ చూసే కేంద్ర ప్రభుత్వ అధికారి) అనుమతి ఉండాలి. ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఏజెంటు నమోదైనవాడా కాదా అన్నది కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ సైటులో చూసుకోవచ్చు.

అభ్యాసం. ఒక తెల్లకాగితం మీద అరైవల్ కార్డును చేత్తో నింపండి, మీ పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని. విమానం మార్చి 10వ తేదీ 00:20కి హైదరాబాద్‌లో బయలుదేరుతుంది, ప్రయాణం నాలుగు గంటల ఐదు నిమిషాలు. ఇల్లు వదలవలసిన తేదీ ఏది? కౌలాలంపూర్‌లో దిగేసరికి అక్కడి గడియారంలో ఎంతవుతుంది? జవాబు నాలుగో పాఠం మొదట్లో.