ఇంట్లోనే డెస్క్‌టాప్ బిగించుకోవడం: ఏవి కొనాలి, ఏ వరసలో పెట్టాలి

డెస్క్‌టాప్ బిగించడంలో స్క్రూడ్రైవర్ పని మహా అయితే ఒక పూట. తలనొప్పంతా దానికి ముందు కొనేటప్పుడు, ఆ తర్వాత ‘ఆన్ కావట్లేదు’ అన్నప్పుడు వస్తుంది. రెండో తలనొప్పిని చాలావరకు తప్పించే పద్ధతి ఒకటుంది. మదర్‌బోర్డును క్యాబినెట్‌లోకి ఎక్కించకముందే, దాని అట్టపెట్టె మీద పెట్టి ఒకసారి ఆన్ చేసి చూడాలి. తొందరపడి ఈ మెట్టు దాటేసినవాళ్లే తర్వాత అంతా విప్పుకుంటూ కూర్చుంటారు.

ఉదాహరణకి మధ్యతరగతి బడ్జెట్ సెట్ ఒకటి తీసుకుందాం: ఏఎండీ రైజెన్ 5 7600 ప్రాసెసర్, బీ650 మైక్రో ఏటీఎక్స్ బోర్డు, రెండు 16 జీబీ డీడీఆర్5 ర్యామ్‌లు, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, ఆర్‌టీఎక్స్ 4060 స్థాయి గ్రాఫిక్స్ కార్డు.

కొనేటప్పుడు

ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ కలిపి ఒకే నిర్ణయం. ఏఎం5 సాకెట్ (బోర్డు మీద 7600 లాంటి ప్రాసెసర్ కూర్చునే చోటు) ఉన్న బోర్డు కొంటే డీడీఆర్5 ర్యామ్ తప్ప ఇంకోటి పట్టదు. ఏఎం4 అయితే డీడీఆర్4. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 బోర్డుల్లో రెండు రకాలూ ఉన్నాయి, ఏ బోర్డుకి ఏదో పెట్టె మీద చూసుకోవాలి. ఇంటెల్‌లో అయినా ఏఎండీలో అయినా ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉంటే (ఉదాహరణకి 7500ఎఫ్) అందులో సొంత గ్రాఫిక్స్ ఉండదు, కార్డు లేకుండా తెర మీద బొమ్మ రాదు. 7600లో చిన్నదైనా సొంత గ్రాఫిక్స్ ఉంది. గ్రాఫిక్స్ కార్డు పాడై సర్వీస్‌కి వెళ్లిన రోజుల్లో దాని విలువ తెలుస్తుంది. ఈ ప్రాసెసర్ పెట్టెలో కూలర్ కూడా వస్తుంది, 7600ఎక్స్‌కి రాదు.

షాపులో ‘ట్రే’ ప్రాసెసర్ తక్కువకి ఇస్తామంటారు. దానికి పెట్టె ఉండదు, కంపెనీ మూడేళ్ల బాక్స్ వారంటీ వర్తించదు, షాపువాడి మాటే వారంటీ. తేడా కొద్దిపాటిదే అయితే పెట్టెదే తీసుకోండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో కొన్నా, నెల్లూరు, తిరుపతి వైపు నుంచి చెన్నై రిచీ స్ట్రీట్‌కి వెళ్లినా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, జీఎస్‌టీ బిల్లు మీద ప్రతి వస్తువు సీరియల్ నంబరు ఉండేలా రాయించుకోవాలి.

ర్యామ్ రెండు కర్రల సెట్‌గా కొనండి. ఒక్కటే పెడితే మెమరీకి వెళ్లే దారి సగమే తెరుచుకుంటుంది. అలాగని నాలుగు పెట్టడం ఏఎం5లో లాభం కాదు. నాలుగు స్లాట్లూ నిండితే ఏఎండీ అధికారికంగా హామీ ఇచ్చే వేగం ఈ 7000 శ్రేణిలో 3600కి పడిపోతుంది. ఈ ప్రాసెసర్లకి 6000 వేగం, ఎక్స్‌పో (ర్యామ్‌ని ఆ పూర్తి వేగంతో నడిపే ఏఎండీ సెట్టింగ్) గుర్తు ఉన్న ర్యామ్ సరిపోతుంది.

ఇక ఎస్‌ఎంపీఎస్, అంటే భాగాలన్నిటికీ కరెంటు ఇచ్చే సప్లై పెట్టె. ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు అందరి చేయీ ముందు దీని మీదే పడుతుంది, పడకూడనిది కూడా దీని మీదే. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే సప్లై వద్దు. పక్కన అతికించిన లేబుల్ చదవండి. పైన పెద్ద అక్షరాలతో ‘450 వాట్లు’ అని ఉంటుంది. కింద పట్టికలో 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లని ఉందనుకోండి, 12 ఇంటూ 16 అంటే 192. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తినేది ఆ 12 వోల్టులనే కాబట్టి మీకు అది 192 వాట్ల సప్లై కిందే లెక్క. మంచి 550 వాట్ల యూనిట్‌లో అదే గడిలో 45 ఆంపియర్ల దాకా కనిపిస్తుంది. మన సెట్‌లో ప్రాసెసర్ గరిష్ఠంగా 88 వాట్లు, కార్డు 115, మిగతావన్నీ కలిపి ఓ యాభై అరవై వేసుకుంటే 265 దాటదు. 80 ప్లస్ బ్రాంజ్ లేదా గోల్డ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే గుర్తు) ఉన్న 550 వాట్లు చాలు. రేపు పెద్ద కార్డు వేసే ఆలోచన ఉంటే 650.

క్యాబినెట్‌లో అందం కన్నా ముందు వైపు జాలీ చూడండి. ముందు భాగం మొత్తం గాజుతో మూసేసినవి మన ఎండల్లో పనికిరావు. గదిలోనే 38 డిగ్రీలు ఉన్నప్పుడు లోపలి వేడి అక్కడి నుంచి మొదలవుతుంది. గది చల్లబడే అవకాశం లేకపోతే పెట్టెలో వచ్చే కూలర్ బదులు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ వేసుకోవడం మేలు. వాటి ఎత్తు సాధారణంగా 150 నుంచి 160 మిల్లీమీటర్లు. క్యాబినెట్ ఎంత ఎత్తు పట్టనిస్తుందో, ఎంత పొడవు కార్డు పట్టనిస్తుందో ముందే చూసుకోండి.

అట్టపెట్టె మీద

సామాను పెద్దగా అక్కర్లేదు. అయస్కాంతం మొన ఉన్న స్టార్ స్క్రూడ్రైవర్ మధ్యరకం ఒకటి, ఎస్‌ఎస్‌డీకి చిన్నది ఒకటి చాలు. బోర్డు వచ్చిన వెండిరంగు కవరు మీద పెట్టి ఆన్ చేయకండి, దాని పైపొర కరెంటును పారనిస్తుంది. అట్టపెట్టె మీదే పెట్టాలి. భాగాలు ముట్టుకునే ముందు, ప్లగ్గు గోడకి పెట్టి స్విచ్ ఆపి ఉన్న ఎస్‌ఎంపీఎస్ ఇనప పెట్టెను ఒకసారి తాకండి. ఒంట్లో స్టాటిక్ ఉంటే ఎర్తింగ్‌లోకి పోతుంది.

ఏఎం5లో పిన్నులు ప్రాసెసర్‌కి కాదు, బోర్డు సాకెట్‌లో ఉంటాయి, మొత్తం 1718. ఒక్కటి వంగినా బోర్డు పోయినట్టే, వారంటీ కూడా ఇవ్వరు. లీవర్ పక్కకి లాగి ఎత్తి, ఫ్రేమ్ తెరిచి, ప్రాసెసర్ మూలన ఉన్న బంగారు రంగు త్రికోణాన్ని సాకెట్ మీది త్రికోణానికి సరిచూసి, పైనుంచి తిన్నగా దించండి. నొక్కొద్దు, జరపొద్దు. ఫ్రేమ్ మూసి లీవర్ దించేటప్పుడు గట్టిగానే బలం పడుతుంది, భయపడనక్కర్లేదు. నల్ల ప్లాస్టిక్ మూత అప్పుడు దానంతటదే పైకి ఎగిరి ఊడుతుంది. దాన్ని పారేయకండి. ఎప్పుడైనా బోర్డు సర్వీస్‌కి పంపితే ఆ మూత అడుగుతారు.

ర్యామ్‌ని ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టండి. గాడి సరిచూసి రెండు చివర్లా బొటనవేళ్లతో టక్కుమనేదాకా నొక్కాలి. ఆన్ కాని కంప్యూటర్లలో మొదట అనుమానించాల్సింది సగం దిగిన ర్యామ్‌నే.

ఎస్‌ఎస్‌డీని ప్రాసెసర్‌కి దగ్గరగా ఉన్న ఎం.2 స్లాట్‌లో ఏటవాలుగా దోపి, కిందికి వంచి స్క్రూ బిగించాలి. పైన వేసే రేకుకి అడుగున ఉన్న మెత్తటి ప్యాడ్ మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది తీయకుండా బిగిస్తే ఎస్‌ఎస్‌డీ వేడి పైకి ఎక్కదు, పెద్ద ఫైళ్లు కాపీ చేసేటప్పుడు వేగం పడిపోతుంది.

పెట్టెతో వచ్చిన కూలర్‌కి బోర్డు మీది ప్లాస్టిక్ బ్రాకెట్లు రెండూ విప్పేయాలి. ఏఎం5లో వెనక పలక ఊడి పడదు. కూలర్ అడుగున పేస్టు ముందే రాసి ఉంటుంది, దాని మీద ఇంకా రాయొద్దు. వేరే కూలర్ అయితే మధ్యలో బఠాణీ గింజంత పేస్టు చాలు. నాలుగు స్క్రూలనీ ఒకేసారి బిగించకుండా, ఎదురెదురు మూలలు మార్చుకుంటూ తలా రెండు చుట్లు తిప్పండి. ఒక మూలే ముందు బిగిస్తే అడుగు ఏటవాలుగా కూర్చుని ప్రాసెసర్ వేడెక్కుతుంది. ఫ్యాన్ వైరు ‘సీపీయూ ఫ్యాన్’ అని రాసిన పిన్నులకే.

ఇప్పుడు 24 పిన్నుల కేబుల్, పై మూలన 8 పిన్నుల సీపీయూ కేబుల్ పెట్టండి. సీపీయూది 4+4గా విడిపోతుంది, గ్రాఫిక్స్ కార్డుది 6+2గా. రెండూ చూడ్డానికి ఒకలాగే ఉన్నా ఒకటి కాదు. మానిటర్‌ని బోర్డు హెచ్‌డీఎంఐకి కలిపి, ఎస్‌ఎంపీఎస్ స్విచ్ వేసి, మాన్యువల్‌లో చూపించిన పవర్ స్విచ్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలపండి. ఫ్యాన్ తిరుగుతుంది.

తెర మీద వెంటనే ఏమీ రాదు, ఇక్కడే చాలామంది కంగారు పడతారు. డీడీఆర్5 ర్యామ్‌కి మొదటిసారి సర్దుబాటు జరుగుతుంది. కొన్ని నిమిషాలపాటు తెర నల్లగా, బోర్డు మీద ‘డీర్యామ్’ అని రాసిన చిన్న లైటు వెలిగి ఉంటుంది. మధ్యలో ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. ఓ పది నిమిషాలు ఆగండి. అప్పటికీ రాకపోతే ఒకే ఒక్క ర్యామ్‌ని రెండో స్లాట్‌లో పెట్టి చూడండి. సీపీయూ లైటు వెలిగితే ముందు 8 పిన్నుల కేబుల్, ఆ తర్వాత బయోస్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) పాతదేమోనని చూడాలి. పాత బయోస్ ఉన్న బీ650 బోర్డుకి 9000 శ్రేణి ప్రాసెసర్ తెలియదు. వెనక ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డు అయితే ఎఫ్‌ఏటీ32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌తో, ప్రాసెసర్ లేకుండా కూడా కొత్తది ఎక్కించుకోవచ్చు.

క్యాబినెట్‌లోకి

బయోస్ తెర కనిపించింది కదా, ఇక ధైర్యంగా ఆపి, ప్లగ్గు తీసి లోపల బిగించండి. పోర్టుల రేకు బోర్డుకి అతికి రాకపోతే దాన్నే ముందు క్యాబినెట్‌కి నొక్కాలి. తర్వాత బోర్డు రంధ్రాలకి సరిగ్గా కింద ఇత్తడి స్టాండాఫ్‌లు (బోర్డుని క్యాబినెట్ రేకుకి తగలకుండా ఎత్తిపట్టే చిన్న కాళ్లు) ఉన్నాయో లేదో చూడండి. రంధ్రం లేని చోట అదనంగా ఒకటి మిగిలినా అది బోర్డు వెనక తగిలి షార్ట్ అవుతుంది. బయట పనిచేసి లోపల చచ్చుబడిన బోర్డుల్లో మొదట వెతకాల్సింది దీన్నే. స్క్రూలు రెండు రకాల మరలతో వస్తాయి. వేలితో రెండు చుట్లు తేలిగ్గా తిరగనిది ఆ చోటుది కాదు.

సీపీయూ కేబుల్ పై మూలకి ముందే లాగి ఉంచండి, తర్వాత అక్కడ చెయ్యి పట్టదు. ముందు వైపు యూఎస్‌బీ 3 కనెక్టర్‌ని అటూ ఇటూ ఊపకుండా తిన్నగా నొక్కండి, దాని పిన్నులు సున్నితం. మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీసి పెట్టుకునే) ఎస్‌ఎంపీఎస్ అయితే దాని పెట్టెలో వచ్చిన కేబుళ్లే వాడాలి. వేరే సప్లై కేబుల్ అదే రంధ్రంలో పట్టినా లోపలి వైరింగ్ వరస వేరుగా ఉండి, హార్డ్‌డిస్క్ కాలిపోయే ప్రమాదం ఉంది.

గ్రాఫిక్స్ కార్డు చివర్లో. పై పొడవాటి స్లాట్‌లో లాక్ టక్కుమనేలా దించి, వెనక స్క్రూలు బిగించి, దాని పవర్ కేబుల్ పెట్టండి. ఇకనుంచి మానిటర్ వైరు కార్డుకే, బోర్డుకి కాదు. ఫ్యాన్లు ముందు నుంచి లోపలికి, వెనక నుంచి బయటికి గాలి తోలాలి. నాలుగు కడ్డీల చట్రం కనిపించే వైపు నుంచి గాలి బయటికొస్తుంది.

కరెంటు, విండోస్, ఆ తర్వాత

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? అది కంప్యూటర్ లోపం కాదు, ఇంట్లో ఎర్తింగ్ లేకపోవడం. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ ద్వారా వచ్చే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోయే దారి లేక ఇనప పెట్టె మీద నిలుస్తుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సరిచేయించండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే వెనక స్విచ్‌ని ‘యూపీఎస్’ మోడ్‌లో పెట్టాలి. కరెంటు పోయి బ్యాటరీకి మారే ఆ కొద్ది మిల్లీసెకన్లు ఎస్‌ఎంపీఎస్ తట్టుకుంటుంది, మామూలు మోడ్‌లో ఆలస్యం ఎక్కువై కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది.

విండోస్ 11 కోసం 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. అయితే కొత్త బోర్డుల లాన్, వైఫై డ్రైవర్లు విండోస్‌లో తరచుగా ఉండవు, ఇన్‌స్టాల్ మధ్యలో ‘ఇంటర్నెట్ కావాలి’ అని ఆగిపోతుంది. బోర్డు కంపెనీ సైటు నుంచి డ్రైవర్ ముందే వేరే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. అంతా కుదిరాక బయోస్‌ని తాజా వెర్షన్‌కి మార్చి, ఎక్స్‌పో ఆన్ చేయండి. చేయకపోతే 6000 ర్యామ్ కూడా చాలాసార్లు 4800 దగ్గరే నడుస్తుంటుంది. ఎక్స్‌పో పెట్టిన రాత్రి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడిపి వదిలేయండి. ఒక్క ఎర్రర్ వచ్చినా వేగం తగ్గించాలి, లేదా ర్యామ్ మార్పించుకోవాలి. మానిటర్ 144 హెర్ట్జ్‌ది అయినా విండోస్ దాన్ని 60లోనే ఉంచి ఉండొచ్చు, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో చూసుకోండి.

7600 గరిష్ఠ ఉష్ణోగ్రత 95 డిగ్రీలు. ప్రాసెసర్‌కి గట్టి పని పెట్టే సినీబెంచ్ ప్రోగ్రామ్ పది నిమిషాలు నడిపినప్పుడు 85 లోపు ఉంటే నిశ్చింత. వేసవిలో అది 95ని తాకుతుంటే బయోస్‌లో ఎకో మోడ్ (ప్రాసెసర్ తినే కరెంటు తగ్గించేది) పెట్టండి, పనితీరు కొద్దిగానే తగ్గుతుంది. మూడు నెలలకోసారి ముందు జాలీ తీసి దుమ్ము దులపాలి. బ్లోయర్ పట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకోండి, లేకపోతే ఆ గాలికి ఫ్యాన్ తట్టుకోలేనంత వేగంగా తిరిగి బేరింగ్ అరిగిపోతుంది.