నోడ్లు పెంచితే క్లస్టర్ నెమ్మదిస్తోందా? ముందు కేబుల్ చూడండి

సమస్య: నెట్‌వర్క్‌తో కలిపి ఒకే లెక్క చేయించే కంప్యూటర్ల గుంపే క్లస్టర్, అందులో ఒక్కో కంప్యూటర్ ఒక నోడ్. 4 నోడ్ల మీద చక్కగా నడిచిన ఎంపీఐ (నోడ్లు ఒకదానికొకటి డేటా పంపుకునే పద్ధతి) జాబ్‌ను 8 నోడ్లకు పెంచితే ఇంకా నెమ్మదిస్తుంది. ఎర్రర్ రాదు, పింగ్ వెళ్తుంది, ఎస్ఎస్‌హెచ్ పాస్‌వర్డ్ అడగకుండానే లాగిన్ అవుతుంది. ఇక్కడే చాలామంది ఎంపీఐని మళ్లీ కంపైల్ చేయడం మొదలుపెడతారు. దయచేసి ఆగండి.

ముందు ప్రతి నోడ్‌లో ఈథ్‌టూల్ (నెట్‌వర్క్ కార్డు వివరాలు చూపేది) కమాండ్ ఇచ్చి స్పీడ్ సెకనుకు ఎన్ని మెగాబిట్లో చదవండి. ఒకటి రెండు చూసి వదిలేయొద్దు, అన్నీ చూడాలి. 1000 (అంటే గిగాబిట్) ఉండాల్సిన చోట ఒక్కదాంట్లో 100 కనిపిస్తే దొంగ దొరికినట్టే.

కారణం: గిగాబిట్‌కి కేబుల్‌లోని 4 జతల తీగలూ కావాలి, 100 మెగాబిట్లకు 2 జతలు చాలు. అందుకే నీలం జతలోనో గోధుమరంగు జతలోనో ఒక తీగ సరిగ్గా తగలకపోతే చాలా కార్డులు లింక్ తెంచుకోకుండా 100కి దిగిపోతాయి. లైటు వెలుగుతూనే ఉంటుంది. పింగ్ ప్యాకెట్ చిన్నది కాబట్టి తేడా తెలియదు. కానీ ఆల్‌రెడ్యూస్ (అన్ని నోడ్ల ఫలితాలను కలిపి అందరికీ పంచే ఎంపీఐ అడుగు) లాంటి చోట అందరి లెక్కా వచ్చేదాకా ఎవరూ కదలరు, ఆ ఒక్క నోడ్ కోసం మిగతా ఏడూ ఖాళీగా కూర్చుంటాయి. 1994లో నాసా గొడార్డ్‌లో స్టెర్లింగ్, బెకర్ 16 పీసీలతో బేవుల్ఫ్ అనే మొదటి క్లస్టర్‌ను (మామూలు పీసీల క్లస్టర్లకు తర్వాత అదే పేరు) కట్టినప్పుడే ఒక ఈథర్‌నెట్ లైను చాలక లైన్లు జతకలిపారు. మామూలు పీసీల క్లస్టర్‌కి ప్రాణం నెట్‌వర్కే.

ఒక ల్యాబ్‌లో దీని కోసం నేను రెండు రోజులు పోగొట్టుకున్నాను, కంపైలర్ కూడా మార్చాను. చివరికి ప్లగ్‌ను వెలుతురుకి పెట్టి చూస్తే గోధుమరంగు తీగ లోపలి లోహపు బ్లేడు దాకా వెళ్లకుండా బియ్యపు గింజంత ముందే ఆగిపోయి ఉంది. చేత్తో క్రింప్ చేసిన (ప్లగ్‌ను నొక్కి బిగించిన) కేబుల్ అది.

పరిష్కారం: ఫ్యాక్టరీలో చేసిన కేబుల్ వేసి మళ్లీ చూడండి. ఇంకా 100 అంటుంటే స్విచ్‌లో పోర్ట్ మార్చండి. తర్వాత ఐపెర్ఫ్ (రెండు నోడ్ల మధ్య అసలు వేగం కొలిచే ప్రోగ్రాం) నడిపితే 94 దగ్గర ఉన్న అంకె 940 దగ్గరికి రావాలి. స్పీడ్‌ను బలవంతంగా 1000 అని పెట్టొద్దు, రాగి తీగ మీద గిగాబిట్‌కి ఆటో నెగోషియేషన్ (రెండు చివరలూ మాట్లాడుకుని స్పీడ్ తేల్చుకోవడం) తప్పనిసరి. పాడైన కేబుల్‌ను అక్కడికక్కడే రెండు ముక్కలు చేయండి, లేదంటే ఎవరో ఒకరు దాన్ని మళ్లీ తగిలిస్తారు.

అన్నీ 1000 చూపిస్తే ఓపెన్‌ఎంపీ (ఒకే నోడ్ లోపల పనిని కోర్లకు పంచే పద్ధతి) త్రెడ్లు 1కి తగ్గించి చూడండి, ప్రతి ప్రాసెస్ అన్ని కోర్ల మీదా పడుతుండొచ్చు. లెక్క మరీ చిన్నదైనా ఇలాగే ఉంటుంది. స్విచ్ బఫర్లు, బయోస్ సెట్టింగ్‌ల జోలికి ఇవన్నీ అయ్యాకే వెళ్లండి, అంతదూరం రావడం చాలా అరుదు.